మూత లేని మిషను

నర్సు పట్టకారుతో జస్టీనా అరచేతిలోంచి తెల్లటి ప్లాస్టిక్ ముక్కను మెల్లగా లాగింది. దాంతోపాటు చర్మం కూడా ఊడివచ్చింది. జస్టీనా అరవలేదు. కుడిచేత్తో మంచం ఊచ పట్టుకుని పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. నొప్పి తగ్గడానికి ఇచ్చిన ఇంజక్షను ఇంకా పూర్తిగా పనిచెయ్యలేదు. టైము పదకొండున్నర అయింది. షాపులో ఈపాటికి అందరూ రొట్టెల డబ్బాలు విప్పుతూ ఉంటారు.

నర్సు ఆ ముక్కను స్టీలు గిన్నెలో వేసి, దీపం కిందికి జరిపి చూసింది. బొటనవేలంత వెడల్పుంది. ఒకవైపు నున్నగా మెరుస్తోంది, రెండోవైపు పసుపుపచ్చ జిగురు గట్టిపడి ఉంది. నర్సు పేరు మారిసెల్. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఈ ఊరి ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. కాలిన చేతులు ఆమెకు కొత్త కాదు.

"జామ్ ఒలికిందన్నారు కదండీ. నేనూ ఇంట్లో జామ్ కాస్తాను. అందులో ప్లాస్టిక్ ఎప్పుడూ తేలలేదు" అంది.

ఆ మాట అన్నది మంచం పక్కన టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న బెర్న్‌హార్డ్ ఉన్రావ్‌తో. ఉన్రావ్ వంటింటి అల్మరాలు తయారుచేసే షాపుకి యజమాని. జస్టీనా అతని దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తోంది. చెయ్యి కాలగానే ఆమెను తన ట్రక్కులో ఎక్కించుకుని, తన కోటు విప్పి ఆమెకు కప్పి, మంచు రోడ్డు మీద పాతిక నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చింది అతనే. అందులో వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఆసుపత్రి వాకిట్లో ట్రక్కు ఆపి, దిగబోయే ముందు ఒక మాట అన్నాడు. ఇంట్లో జామ్ కాస్తుంటే పడిందని చెబుదామనీ, షాపులో జరిగిందంటే కాగితాలూ ఆఫీసులూ చుట్టుకుంటాయనీ, మనవాళ్ళకి అవన్నీ ఎందుకనీ. జనవరిలో జామ్ ఎవరు కాస్తారని అడిగే ఓపిక జస్టీనాకి అప్పుడు లేదు.

ఆమెకు ఇంగ్లీషు రాదు. మెక్సికోలోని మా మెనొనైట్ క్రైస్తవుల కాలనీల్లో పుట్టిన ఆడపిల్లలకి ఇంటిభాష తప్ప ఇంకోటి ఎవరూ నేర్పలేదు. అక్కడ కరువొచ్చి, తాతలు విడిచిపెట్టిన కెనడాలోని ఈ మనిటోబాకే తిరిగొచ్చాక షాపులో వినబడే ముప్పై నలభై మాటలు వంటబట్టాయి, అంతే. కాబట్టి డాక్టరు ప్రశ్నలన్నీ ఉన్రావ్ చెవిలోకి వెళ్ళి, ఉన్రావ్ నోట్లోంచి జవాబులై వచ్చాయి. చెయ్యి ఆమెది, మాటలు అతనివి. జామ్ అన్న మాట ఆమెకు అర్థమైంది. విని ఊరుకుంది. ఆమె చేసిన తప్పల్లా ఆ ఊరుకోవడమే. మావాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి పదిసార్లు చేసే తప్పు అది. దానికి వినయం అని పేరు పెట్టుకున్నాం.

మారిసెల్ ఉన్రావ్‌ని కాసేపు బయట కూర్చోమంది. తర్వాత ఎక్కడికో ఫోను చేసి, దాన్ని జస్టీనా దిండు పక్కన పెట్టింది. ఫోనులోంచి ఒక ఆడమనిషి గొంతు, అచ్చంగా మా ఇంటిభాషలో, నమస్కారమమ్మా అంది. ఈ ప్రాంతం ఆసుపత్రుల్లో ఇలా ఫోనులో దుబాసీలు దొరుకుతారని జస్టీనాకి తెలియదు. మా అలవాటు ప్రకారం ముందు ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఎవరి కూతురివమ్మా నువ్వు?"

"అది నేను చెప్పకూడదమ్మా. మీరు ఎవరో నాకూ తెలియక్కర్లేదు. మీ చెయ్యి ఎక్కడ కాలిందో చెబితే చాలు" అంది ఆ గొంతు.

మావాళ్ళలో ఇంటిపేరు లేని గొంతు ఉండదు. ఏ గొంతు విన్నా అది ఫలానావాళ్ళ కోడలు, ఫలానావాళ్ళ మేనత్త అని తెలిసిపోతుంది, తెలిసిన వెంటనే ఏం చెప్పాలో ఏం మింగాలో కూడా తెలిసిపోతుంది. ఈ గొంతు ఎవరిదీ కాదు. ఈమెకు చెబితే ఎవరికీ చెప్పినట్టు కాదేమో అనిపించింది జస్టీనాకి. పట్టీ మిషనులో కాలింది అని చెప్పింది. మూత లేదు అని కూడా చెప్పింది. చెప్పాక నొప్పికి రాని ఏడుపు అప్పుడొచ్చింది. మారిసెల్ ఏవో రాసుకుని, కింద సంతకం పెట్టి, ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టింది.

అల్మరా బోర్డు అంటే చెక్కపొట్టును జిగురుతో కలిపి, నొక్కి, పైన తెల్లపొర అతికించినది. కోసిన చోట అంచు గరుగ్గా, విరిచిన బిస్కెట్టులా ఉంటుంది. ఆ అంచును కప్పడానికే పట్టీ మిషను. ఈ చివర బోర్డు పెడితే గొలుసు దాన్ని లోపలికి లాక్కుపోతుంది. లోపల కుండలో రెండు వందల డిగ్రీల వేడి మీద జిగురు కాగుతూ ఉంటుంది. ఒక రోలరు ఆ జిగురును అంచుకి పూస్తుంది, చుట్టలోంచి ప్లాస్టిక్ పట్టీ వచ్చి దాని మీద పడుతుంది, వెనకాల వరుసగా రోలర్లు గట్టిగా నొక్కుతాయి, చిన్నరంపాలు మిగులును కోసేస్తాయి. ఇటునుంచి మాసిన మనిషిలా వెళ్ళిన బోర్డు అటునుంచి పెళ్ళికొడుకులా బయటికొస్తుంది. ఆరేళ్ళుగా ఆ పెళ్ళికొడుకుల్ని ముస్తాబు చేసింది జస్టీనాయే. గంటకి పంతొమ్మిది డాలర్లు. పట్టీ సరిగా పడుతోందో లేదో చూడకుండా, చప్పుడు విని చెప్పగలదు.

ఆ జిగురుకి చలి పడదు. బోర్డు చల్లగా ఉంటే, పూసిన జిగురు పట్టీ వచ్చి అతుక్కునేలోపే బిగుసుకుపోతుంది. అందుకే చలికాలంలో బోర్డుల్ని ఒక రోజంతా షాపు లోపల, వెచ్చగా ఉంచి కానీ మిషనుకి పెట్టకూడదు. ఉన్రావ్ తండ్రి కాలం నుంచీ అదే పద్ధతి. అయితే ఈసారి విన్నిపెగ్‌లో కడుతున్న ఇళ్ళకి నలభై ఎనిమిది వంటిళ్ళ ఆర్డరు వచ్చింది. షాపు నిండా తయారైన అల్మరాలే. కొత్త బోర్డులు బయట రేకుల షెడ్డులో ఉన్నాయి. బయట చలి సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీలు కింద. బోర్డుల్ని అక్కణ్ణించి తెచ్చి తిన్నగా మిషనుకి పెట్టమన్నాడు ఉన్రావ్.

పట్టీ అతుక్కోలేదు. పడినట్టే పడి, జారి, నొక్కే రోలరు చుట్టూ చుట్టుకునేది. తీయాలంటే మూత ఎత్తాలి. మూత ఎత్తితే మిషను దానంతటదే ఆగిపోతుంది, అలా ఆగేటట్టే చేశారు దాన్ని. ఆగితే లోపలున్న మూడు నాలుగు బోర్డులు జిగురు పూసుకుని అక్కడే పాడైపోతాయి. ఒకరోజు ముప్పై బోర్డులు పోయాయి. మర్నాడు ఉన్రావ్ రెంచీ పట్టుకుని స్వయంగా వచ్చి మూత ఊడదీశాడు. మూత లేకపోయినా ఉన్నట్టే మిషను అనుకోవడానికి, పట్టీ ముక్క ఒకటి మడిచి స్విచ్చిలో కూరాడు. ఊడదీసిన బోల్టులు ఒక్కొక్కటే జస్టీనా చేతిలో పెట్టాడు. ఆమె పట్టుకుంది. ఆర్డరు అయ్యేదాకానే అన్నాడు. ఆమె తల ఊపింది.

అప్పట్నుంచి మిషను నడుస్తూ ఉండగానే ఒక చెక్కపేడుతో పట్టీని లాగడం నేర్చుకుంది. షిఫ్టులో ఇరవై సార్లు, ముప్పై సార్లు. పదమూడో రోజున పేడు జిగురులో చిక్కుకుంది. దాన్ని వదిలేసి, బోర్డు పాడవుతుందన్న తొందరలో చెయ్యి పెట్టింది. అంతే జరిగింది. ఇందులో దురదృష్టం అని చెప్పుకోవడానికి ఏమీ లేదు.

విన్నిపెగ్ పెద్దాసుపత్రిలో తొడ చర్మం తీసి అరచేతికి వేశారు. ఉంగరం వేలూ, చిటికెన వేలూ ఇక తిన్నగా చాపడం కుదరకపోవచ్చన్నారు. పదిరోజులకి ఇంటికొచ్చింది. చర్చి సంఘంలో ఆడవాళ్ళు వంతులేసుకుని సూపు, బన్నులు తెచ్చారు, గిన్నెలు తోమారు, ఒకామె పరదాలు కూడా ఉతికిపెట్టింది. ఎవరూ ఎలా కాలిందని అడగలేదు. అడక్కపోవడం మర్యాద. మావాళ్ళ మంచితనానికీ, మౌనానికీ మధ్య గోడ ఎక్కడుందో నాకు ఈనాటికీ తెలియదు.

జస్టీనా చెల్లెలు నేటా అదే షాపులో తలుపు కబ్జాలు పెట్టెల్లో సర్దే పనిలో ఉండేది. ఇరవై ఆరేళ్ళది, పెళ్ళి కాలేదు, అక్కాబావల దగ్గరే ఉంటుంది. పట్టీ మిషను దగ్గర ఖాళీ అయిన చోటికి ఉన్రావ్ ఆమెను మార్చాడు. అక్క పని చూస్తూ పెరిగిన పిల్ల, త్వరగా పట్టుకుంటుంది అన్నాడు. దయగల మాటే అది. గంటకి రెండు డాలర్లు ఎక్కువ కూడా ఇచ్చాడు.

రోజూ సాయంత్రం నేటా బూట్లు విప్పుతుండగానే జస్టీనా మూత పెట్టారా అని అడిగేది. ఇంకా లేదక్కా అనేది నేటా. మొదట్లో నవ్వుతూ అనేది, నీకంటే నా చేతులు చురుకులే అని వేళాకోళం ఆడేది. రెండో వారానికి నవ్వు తగ్గింది. ఒక శుక్రవారం చేతులు కడుక్కోకుండానే గదిలోకి వెళ్ళిపోయింది. జస్టీనా వెనకాలే వెళ్ళి కుడిచేతి చొక్కా మడత పైకి లాగితే, మణికట్టు మీద కందిబద్దంత బొబ్బ కనిపించింది. బొబ్బ నడుమ జిగురు చుక్క ఇంకా అతుక్కునే ఉంది.

"అక్కా, బావకి చెప్పకు" అంది నేటా.

చెప్పినా ఈసాక్ ఏం చేస్తాడు? జస్టీనా భర్త ఈసాక్ చెడ్డవాడు కాడు. కోతల కాలంలో ధాన్యం ట్రక్కు తోలతాడు, చలికాలం నడుంనొప్పితో ఇంట్లో ఉంటాడు. పాత వ్యానులో ఐదువేల కిలోమీటర్లు వచ్చి ఈ ఊళ్ళో దిగినప్పుడు, వారం తిరక్కుండా పని చూపించినవాడు ఉన్రావ్ అన్న సంగతి అతను మర్చిపోలేడు. మర్చిపోవడానికి వీల్లేకుండా దాన్ని రోజూ మనసులో దుమ్ము దులిపి పెట్టుకుంటాడు.

ఈలోపు ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. కార్మికుల నష్టపరిహారం చూసే ఆఫీసు నుంచి. ఇక్కడికొచ్చాక సాయంత్రం బడిలో కాస్త ఇంగ్లీషు నేర్చుకున్న నేటా చదివి చెప్పింది. ఆసుపత్రి పంపిన కాగితం అందిందనీ, మంగళవారం పదిగంటలకి తమ మనిషి ఇంటికొచ్చి జస్టీనాతో మాట్లాడతాడనీ, వెంట దుబాసీ ఉంటుందనీ, షాపుకి వెళ్ళి మిషను కూడా చూస్తారనీ అందులో ఉంది. ఆమె చెప్పేదాన్ని బట్టే మిగతాదంతా. ఇంట్లో కాలిందంటే ఫైలు మూసేస్తారు. షాపులో అంటే, మిషను మూత లేకుండా ఒక్క బోర్డు కూడా నడవనివ్వరు.

జస్టీనాకి చేతి మీద ఆశ ఎప్పుడో వదిలిపోయింది. వంగిన వేళ్ళు ఇక తిన్నగా రావు. ఉత్తరంలో ఆమెకు కనబడిందల్లా ఆ మూత. బల్లంత పొడుగున, బూడిదరంగు రేకు మూత, ప్రస్తుతం మిషను వెనకాల గోడకి ఆనించి ఉంది. ఎవరో ఒకరు గట్టిగా చెబితే అది లేచి తన చోటికి వెళుతుంది, నేటా చేతులు చేతుల్లా ఉంటాయి. ఆ చెప్పవలసిన ఎవరో ఒకరు తనే అయ్యేసరికి ఆమెకు రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు.

షాపుకీ అలాంటి ఉత్తరమే వెళ్ళింది. ఆదివారం మధ్యాహ్నం ఉన్రావ్ వచ్చాడు. ఆదివారాలు మేము ఒకరింటికొకరు చెప్పకుండానే వెళతాం, కాఫీ, బన్నులు, జున్ను, పొద్దుతిరుగుడు గింజలు, మూడు గంటల కబుర్లు. అయితే ఉన్రావ్ వెంట ఫ్రేసె అయ్యగారు కూడా వచ్చారు. సంఘ పెద్ద ఆయన. నల్లకోటు, గుండీల దాకా తెల్లగడ్డం, మెత్తటి మనిషి, జీవితంలో ఎవరి మీదా గొంతెత్తినవాడు కాడు. ఆయన్ని గుమ్మంలో చూడగానే ఈసాక్ లేచి నిలబడ్డాడు, అది కబుర్ల కోసం రావడం కాదని జస్టీనాకి తెలిసిపోయింది.

కాఫీ పోశారు. మంచు గురించి, గోధుమల ధర గురించి, ఎవరికో పుట్టిన కవల పిల్లల గురించి మాట్లాడారు. ఉన్రావ్ బన్ను మీద జున్ను పెట్టుకున్నాడు. జామ్ సీసా వైపు మాత్రం చెయ్యి చాపలేదు. కాసేపటికి ఫ్రేసె కప్పు పక్కన పెట్టి అతని వైపు చూశాడు. ఉన్రావ్ లేచి నిలబడి, టోపీ రెండు చేతులతో పట్టుకుని, జస్టీనా ఎదుటికొచ్చాడు.

"జస్టీనా, తప్పు నాదమ్మా. మూత నా చేత్తో నేనే తీశాను. ఆసుపత్రిలో నీ నోట అబద్ధం పెట్టాను. ఇరవై రోజులైంది నాకు నిద్ర లేదు. దేవుడి ముందు, అయ్యగారి ముందు అడుగుతున్నాను. నన్ను క్షమించు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను నటించలేదు. నటించి ఉంటే జస్టీనా పని తేలికయ్యేది. తర్వాత తన కుడిచేతి మొండివేలు చూపించాడు. పదిహేనేళ్ళప్పుడు తండ్రి రంపం తీసుకున్న వేలు. ఆనాడు ఎవరూ కాగితం రాయలేదనీ, తండ్రి ఏడుస్తూ చెయ్యి చాపితే తాను ఇచ్చాననీ, అక్కడితో అయిపోయిందనీ చెప్పాడు. చెప్పి, చెయ్యి చాపాడు.

మావాళ్ళలో చెయ్యి ఇవ్వడం అంటే మామూలు సంగతి కాదు. తప్పు చేసినవాడు ఒప్పుకుని చెయ్యి చాపితే, అవతలివాళ్ళు పట్టుకుంటే, ఆ తప్పు పుట్టలేదన్నట్టే. మళ్ళీ దాన్ని ఎత్తినవాడిదే తప్పు. కోర్టు గుమ్మం తొక్కకుండా నాలుగు వందల ఏళ్ళు ఒకరి గొంతు ఒకరం పట్టుకోకుండా బతికామంటే ఆ చేతుల వల్లనే, నేను కాదనను. అయితే ఎప్పుడూ చెయ్యి చాపేవాళ్ళు కొందరు, ఎప్పుడూ పట్టుకోవాల్సినవాళ్ళు కొందరు ఎందుకయ్యారో మాత్రం ఎవరూ లెక్క చూడలేదు.

ఫ్రేసె మెల్లగా విడమరిచాడు. క్షమించాక మంగళవారం వచ్చే మనిషికి చెప్పవలసింది ఏమీ ఉండదన్నాడు. మాకు మేమే సర్దుకున్నామని ఈసాక్ గుమ్మంలోనే చెప్పి పంపేస్తాడు. మందులకీ, ఇంటికీ ఏ లోటూ రాకుండా సంఘం చూసుకుంటుంది. క్షమించినదాన్ని పరాయివాళ్ళ ముందు మళ్ళీ విప్పడమంటే క్షమించకపోవడమే కదా అన్నాడు.

జస్టీనా కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉన్రావ్ చెయ్యి ఆమె ముఖానికి మూరెడు దూరంలో ఆగి ఉంది. ఆమె ఆ చేతి వైపు చూడలేదు.

"రేపు పొద్దున్న మూత పెడతారాండీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఎవరూ అనుకోలేదు. ఉన్రావ్ చెయ్యి కొంచెం కిందికి దిగింది.

"ఇంకా పదిహేడు వంటిళ్ళున్నాయమ్మా. నెలాఖరుకి సరుకు వెళ్ళిపోవాలి, లేకపోతే వాళ్ళు ఆర్డరు వెనక్కి తీసుకుంటారు. నలభై కుటుంబాలు బతుకుతున్నాయి ఆ షాపు మీద. సరుకు వెళ్ళిన రోజునే మూత నేనే బిగిస్తాను. మాటిస్తున్నాను."

"అయితే రేపు పెట్టరు."

"రేపటికి కుదరదు."

"రేపు మిషను దగ్గర నేటా ఉంటుందండీ."

జస్టీనా పక్కకి తిరిగి, చెల్లెలి మణికట్టు పట్టుకోబోయింది. నేటా చెయ్యి వెనక్కి లాక్కుని, చొక్కా మడత వేళ్ళ దాకా దించుకుంది. తనకేం కాలేదు అంది, ఎవరూ అడగకుండానే. ఆ మాటతో జస్టీనా చేతిలో ఉన్న ఒక్క సాక్ష్యమూ పోయింది. నేటాని అనడానికి లేదు. పెద్దల ముందు చొక్కా మడత ఎత్తి చూపించడం మా ఆడపిల్లలకి ఎవరు నేర్పారు?

"మూత పెట్టండి. పెట్టిన రోజు చెయ్యి ఇస్తాను" అంది జస్టీనా.

ఈసాక్ తల దించుకున్నాడు. ఫ్రేసె ముఖంలో కోపం రాలేదు. పెంకి పిల్లని చూసినట్టు జాలిగా చూశాడు.

"క్షమాపణకి షరతు పెట్టకూడదమ్మా. షరతు పెడితే అది క్షమాపణ కాదు, బేరం."

బేరం కాదని జస్టీనాకి తెలుసు. ఎందుకు కాదో చెప్పడానికి మాటలు లేవు. ఆరేళ్ళుగా ఆ మిషను చప్పుడు విని లోపలేం జరుగుతోందో చెప్పగలిగిన మనిషి, తన లోపల ఏం జరుగుతోందో చెప్పలేకపోయింది. నాకే గనక అప్పుడక్కడ మాట్లాడే హక్కు ఉంటే అడిగేవాణ్ణి, పదిహేడు వంటిళ్ళకోసం మూత ఆపడం బేరం కాదా అయ్యగారూ అని. ఆ రోజు అక్కడ లేనని ఈ మాట ఇంత తేలిగ్గా రాస్తున్నాను. ఉన్నా అడిగేవాణ్ణి కాదేమో.

చాపిన చెయ్యి అలా ఎంతసేపని ఉంటుంది? ఆ సిగ్గు భరించలేక ఈసాక్ లేచాడు. నడుం పట్టుకుని రెండడుగులు వేశాడు.

"ఈ ఇంటికి పెద్దను నేను. మా ఇంటి తరఫున నేను క్షమిస్తున్నానండి" అన్నాడు. ఉన్రావ్ చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటిపెద్ద ఇచ్చిన చెయ్యి ఇల్లంతా ఇచ్చినట్టే. జస్టీనా చెయ్యి కాలింది, ఈసాక్ చెయ్యి క్షమించింది. ఉన్రావ్ నిజంగానే ఏడ్చాడు, ఈసాక్‌ని కౌగిలించుకున్నాడు. ఫ్రేసె కళ్ళు మూసుకుని తృప్తిగా తల ఊపాడు. నేటా ఖాళీ కప్పులు సర్దబోయి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ యథాస్థానంలో పెట్టేసింది. మంగళవారం గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోబోయే మనిషి ఎలా ఉంటాడో జస్టీనా ఊహించుకోబోయింది. ముఖం ఊహకి రాలేదు.

ప్రార్థన చేద్దామన్నాడు ఫ్రేసె. మా పద్ధతిలో అందరూ వెనక్కి తిరిగి, ఎవరి కుర్చీకి వాళ్ళు ఎదురుగా మోకరించి, ముఖం చేతుల్లో దాచుకుని, లోపల్లోపల ప్రార్థించుకుంటారు. పెద్దాయన లేచేదాకా ఎవరూ లేవరు. ఫ్రేసె మోకరించాడు. ఉన్రావ్, ఈసాక్, నేటా మోకరించారు.

జస్టీనా మోకరించలేదు. కావాలని అనుకుని చేసింది కాదు. లేవాలని కాళ్ళకి చెప్పింది, కాళ్ళు వినలేదు. మొదటి నిమిషం గడిచాక మాత్రం, ఇక లేవనని తనకే తెలిసింది. ఆమె ఎదురుగా నాలుగు వీపులున్నాయి. ముప్పై ఆరేళ్ళ వయసులో ప్రార్థన చేస్తున్న మనుషుల్ని కళ్ళు తెరిచి చూడడం అదే మొదటిసారి. అయ్యగారి బూటు మడమ ఒకవైపు అరిగిపోయి ఉంది. ఆయన కూడా మామూలు మనిషే అనిపించి, ఆమెకు భయం తగ్గడానికి బదులు ఎక్కువైంది.

ఫ్రేసె లేచాడు. ఆయన వెనకే మిగతావాళ్ళూ లేస్తున్నారు. ఆయన ఇటు తిరిగి చూసేసరికి జస్టీనా కుర్చీలో కూర్చుని ఉంది. ఇప్పుడే లేచి కూర్చున్నది కాదనీ, అసలు వంగనే లేదనీ చూడగానే తెలిసిపోయింది. ఆయన మళ్ళీ వెనక్కి తిరిగి, కుర్చీ అంచు పట్టుకుని, ముసలి మోకాళ్ళ మీద నెమ్మదిగా వంగాడు. అది చూసి ఉన్రావ్ కూడా వంగాడు.

"జస్టీనా..." అన్నాడు ఈసాక్, వినీ వినబడకుండా. ఆమె కదలలేదు. అతను నడుం పట్టుకుని మూలుగుతూ వంగాడు.

నేటా సగం లేచి, కుర్చీ మీద చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. అక్క వైపు చూసింది. అయ్యగారి వీపు వైపు చూసింది. తర్వాత ఆమె కూడా వంగింది.

జస్టీనా వంగినప్పుడే ఈ ప్రార్థన ముగుస్తుందని ఇప్పుడు గదిలో అందరికీ తెలుసు. కాఫీలు చల్లారిపోయాయి. గోడ గడియారంలో నాలుగు దాటింది. నేటా పొద్దున్న ఆరింటికి షాపుకి వెళ్ళాలి. నలుగురూ మోకాళ్ళ మీద ఎదురుచూస్తున్నారు, జస్టీనా కూర్చునే ఉంది.